వంటల మర్డర్ మిస్టరీలు: ఏ నవలతోని మొదలువెట్టాలె?

ప్రశ్న (హన్మకొండ): బేకరీ, క్యాటరింగ్ లాంటి చిన్న దుకాణాల చుట్టూ తిరిగే, నెత్తురు ఎక్కువ కనపడని హత్య కథలు చదవాలనుంది. దేంతోని మొదలువెట్టాలె? అండ్లున్న వంటలు మన ఇంట్ల అయితయా?

జవాబు 1: జోయాన్ ఫ్లూక్ ‘చాక్లెట్ చిప్ కుకీ మర్డర్’ (2000) తీసుకోండి. అమెరికాల మిన్నెసోటా రాష్ట్రంల చిన్న ఊరు, కుకీల దుకాణం నడిపే హానా. ఈ సిరీస్‌ల హత్య ఏ పుస్తకంలది ఆ పుస్తకంలనే తేలిపోతది. ఆమె సొంత ముచ్చట్లు మాత్రం తర్వాతి వాటిల్లకు సాగుతయి, అందుకే వరుసగ చదవాలె.

జవాబు 2: క్యాటరింగ్ అంటే డయాన్ మాట్ డేవిడ్‌సన్ ‘కేటరింగ్ టు నోబడీ’ (1990). ఏది చదివినా దుకాణం పని మీద కన్నెయ్యండి: తాళంచెవి ఎవరి దగ్గరుంది, సరుకు ఎప్పుడు దిగింది, పొద్దుగాల ముందు ఎవరొచ్చిన్రు. ఆనవాళ్లు ఎక్కువగ అక్కడనే దాస్తరు.

జవాబు 3: వంటలు మంచిగ అయితయి, కొలతలే జాగ్రత్త. ఈ పుస్తకాలల్ల అమెరికా కొలతలుంటయి: కప్పు మైదా సుమారు 120–125 గ్రాములు, ఒక ‘స్టిక్’ వెన్న 113 గ్రాములు. 350 డిగ్రీలంటే ఫారెన్‌హీట్. సెల్సియస్ ఉండే మన ఓవెన్ల 175 పెట్టాలె. అది చూడక ఫుల్లుగ తిప్పితే అంచులు మాడుతయి, నడుమ పచ్చిగుంటది. మన దిక్కు ఎండకాలం వెన్న జారిపోయి కుకీలు అప్పడాల లెక్క పరుచుకుంటయి. పిండిముద్దను అర్ధగంట ఫ్రిజ్‌ల పెట్టి, అప్పుడు ఉండలు చేయండి. ఉప్పు వెన్న వాడితే మళ్ల ఉప్పు వేయొద్దు.