లించింగ్‌ని తెలుగులో ఏమనాలి?

అందరికీ నమస్తే. ఫిట్జ్‌హ్యూ బ్రండేజ్ అనే అమెరికన్ చరిత్ర ప్రొఫెసర్ గురించి చిన్న వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. ఈయన 1993లో జార్జియా, వర్జీనియా రాష్ట్రాల్లో 1880 నుంచి 1930 దాకా జరిగిన లించింగ్‌ల (కోర్టు విచారణ లేకుండా గుంపు మనిషిని చంపేయడం) మీద పుస్తకం రాశారు, తర్వాత అమెరికా దక్షిణాది రాష్ట్రాల జ్ఞాపకాల మీద, 2018లో అమెరికాలో చిత్రహింసల మీద. ఆ చివరిది పులిట్జర్ బహుమతి ఫైనలిస్టుల్లో ఒకటి.

మన పేపర్లు మూకహత్య అని రాస్తాయి. కానీ అది వింటే అప్పటికప్పుడు రెచ్చిపోయిన గుంపే కళ్ల ముందుకొస్తుంది కదా, అక్కడ కొన్నిసార్లు జనం ముందే తెలుసుకుని ప్రత్యేక రైళ్లెక్కి మరీ వచ్చారు, శవం పక్కన నిలబడి ఫొటోలు దిగారు, వాటిని పోస్టుకార్డులుగా అమ్మారు. తిరునాళ్లకి వెళ్లినట్టు! 'మూక'లో ఇదంతా ఎక్కడ పడుతుంది?

ఇంకో చిక్కు, 'మెమరీ'. ఆయన పనిచేసిన నార్త్ కరోలినా యూనివర్సిటీలోనే 1913లో కాన్ఫెడరేట్ (అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టాలని పోరాడిన దక్షిణాది పక్షం) సైనికుడి విగ్రహం ఆవిష్కరిస్తూ ఒక పెద్దమనిషి, నల్లజాతి స్త్రీని గుర్రపు కొరడాతో కొట్టానని గొప్పగా చెప్పుకున్నాడు. 2018లో నిరసనకారులు దాన్ని పడగొట్టారు. ఇలాంటి ఊరుమ్మడి జ్ఞాపకాన్ని 'స్మృతి' అంటే మరీ గ్రాంథికంగా ఉందేమో?

అనువాదాలు చేసేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, లించింగ్ అనే ఉంచేయనా?