ఊళ్లో అమ్మానాన్నల ఇంటికి ఎకో షోనా, నెస్ట్ హబ్బా?

డల్లాస్‌తెనాలి:
తెనాలిలో అమ్మానాన్నల ఇంట్లో ఈ సంక్రాంతికి మాట చెప్తే పనిచేసే స్మార్ట్ స్పీకర్ ఒకటి పెట్టాలి. ఇద్దరూ మాట్లాడేది తెలుగే, నాన్నగారికి కొంచెం ఇంగ్లీషు వచ్చు. కావలసినవి మూడు: మందుల టైము గుర్తుచెయ్యాలి, పాత పాటలు రావాలి, వీడియో కాల్ ఉండాలి. వీలైతే గీజరు, హాల్లో లైటు కూడా. అమెజాన్ ఎకో షో 8, గూగుల్ నెస్ట్ హబ్ రెండో తరం, యాపిల్ హోమ్‌పాడ్ మినీ చూశాను. వాడుతున్నవాళ్లు చెప్పండి.

నల్లకుంట:
నెస్ట్ హబ్ తీసుకోండి. యూట్యూబ్ అందులోనే ఉంది. "ప్లే ఘంటసాల సాంగ్స్" అంటే తెర మీదికి వచ్చేస్తాయి. ఎకో షోలో యూట్యూబ్‌కి బ్రౌజర్ తెరవాలి. పెద్దవాళ్లకి ఆ తంతు ఎందుకు?

పాలమూరు:
హోమ్‌పాడ్ మినీ లిస్టులోంచి తీసెయ్ అన్నా. తెర లేదు, కెమెరా లేదు, పెట్టాలంటే ఐఫోనో ఐప్యాడో కావాలె.

గోదారిగట్టు:
ఆయన వీడియో కాల్ అడిగారు. నెస్ట్ హబ్ రెండో తరానికి కెమెరాయే లేదు. పడగ్గదిలో పెట్టుకోడానికి అనువుగా ఉండాలని గూగుల్ కావాలనే పెట్టలేదు. ఇక చర్చేముంది? ఎకో షో 8.

నల్లకుంట:
వీడియో కాల్‌కి చేతిలో వాట్సాప్ ఉంది కదండీ. రోజంతా వాడేది పాటలకి, ఏదైనా అడగడానికి. గూగుల్ అసిస్టెంట్ ఎప్పటినుంచో తెలుగులో మాట్లాడుతోంది. ఎకో షోలో పలికే అలెక్సాకి తెలుగు ఇప్పటికీ రాదు.

గోదారిగట్టు:
ఫోన్‌లో మాట్లాడుతోంది నల్లకుంట గారూ, స్పీకర్లలో కాదు. ఈ పొరపాటు ప్రతి చర్చలోనూ వస్తోంది, జనం డబ్బు పోగొట్టుకుంటున్నారు. నెస్ట్ స్పీకర్లో మన దేశం వరకు ఇంగ్లీషు, హిందీ. అలెక్సాలోనూ అవే, హిందీ 2019లో వచ్చింది. రెండిట్లోనూ తెలుగు లేనప్పుడు తెలుగు పేరు చెప్పి ఒకటి అమ్మకండి.

నల్లకుంట:
నేను అమ్మట్లేదు. తెలుగు పాటల పేర్లు, సినిమా పేర్లు గూగుల్‌కే బాగా అర్థమవుతాయన్నది నా మాట. అలెక్సా మొదటిసారికి పట్టుకోదు, రెండోసారి ఇంకేదో పెడుతుంది.

గోదారిగట్టు:
పాటల పేర్లతో కుస్తీ ఎందుకు? యాప్‌లో ప్లేలిస్టు కట్టి దానికి ఒక్క ఇంగ్లీషు మాట పేరు పెట్టండి: "మార్నింగ్", "ఓల్డ్". లేదా రొటీన్ చేసి పొద్దున 6 గంటలకి దానంతట అదే మొదలయ్యేలా పెట్టండి. అసలు పిలవక్కర్లేదు.

మందులకి మాత్రం రిమైండర్ పెట్టకండి, అలారం పెట్టండి. రిమైండర్ రెండుసార్లు పలికి ఊరుకుంటుంది. అమ్మ పెరట్లో ఉంటే వినిపించదు. అలారం ఆపకపోతే చాలాసేపు మోగుతుంది. పేరు "బీపీ టాబ్లెట్" అని చిన్నదిగా పెట్టండి.

తీగలాయన:
స్పీకర్ ఏదైనా కొనుక్కోండి. గీజరు అన్నారు, దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతుంది. 3000 వాట్లదైతే 13. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే స్మార్ట్ ప్లగ్గుల్లో (స్పీకర్ మాటకి గీజరుని ఆన్, ఆఫ్ చేసేవి) చాలావాటి మీద 10 ఆంపియర్లు అనే రాసి ఉంటుంది, పిన్నులు సన్నవి. గీజరుకి లావు పిన్నుల 16 ఆంపియర్ల ప్లగ్గే కావాలి. సన్నపిన్ను ప్లగ్గుకి మధ్యలో కన్వర్టర్ తగిలించి వాడితే పిన్ను దగ్గర వేడెక్కి ప్లాస్టిక్ కమిలిపోతుంది. పావుగంట నడిచాక వెనక చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చన పరవాలేదు, చెయ్యి పెట్టలేకపోతే తీసెయ్యండి.

హాల్లో లైటుకి బల్బు మార్చొద్దు. ఎవరో ఒకరు గోడ స్విచ్చు ఆపుతారు, బల్బుకి కరెంటు ఉండదు, "డివైస్ ఈజ్ నాట్ రెస్పాండింగ్" అంటుంది. స్విచ్చు వెనక రిలే (వైఫైతో నడిచే చిన్న స్విచ్చు) పెట్టించండి, అప్పుడు గోడ మీదా పనిచేస్తుంది, నోటితోనూ పనిచేస్తుంది. రిలేల్లో చాలావాటికి న్యూట్రల్ తీగ కావాలి. పాత ఇళ్లల్లో ప్లగ్గు పాయింటు ఉన్న బోర్డులోనే న్యూట్రల్ ఉంటుంది, ఉత్త స్విచ్చుల బోర్డులో ఉండదు. ముందు బోర్డు విప్పి చూడమనండి, తర్వాతే కొనండి.

నల్లకుంట:
ఆయన అడిగింది స్పీకర్ సంగతి. న్యూట్రల్ తీగ చర్చ వేరే పెట్టుకోవచ్చు.

తీగలాయన:
గీజరు ఆయనే అడిగారు. పైకి చూడండి.

పాలమూరు:
కరెంటు పోతే ఎట్ల? రౌటర్, ఫైబర్ డబ్బా రెండూ ఇన్వర్టర్ లైన్ మీద ఉండాలె. రౌటర్‌కి ఒక్కదానికే పెట్టి ఫైబర్ డబ్బా మర్చిపోతరు, నెట్ ఉండదు, తిట్లు స్పీకర్‌కి. ఇన్వర్టర్ లేకుంటే 12 వోల్టుల మినీ యూపీఎస్ వస్తది. రెండు అడాప్టర్ల మీద ఆంపియర్లు చూసి కూడి కొనాలె.

తీగలాయన:
సరిగ్గా చెప్పారు. ఇంకోటి: కరెంటు వచ్చాక ప్లగ్గు ఏ స్థితిలో లేవాలో యాప్‌లో ఉంటుంది. గీజరుకి "ఆఫ్" పెట్టండి. అది వదిలేస్తే రాత్రి కరెంటు పోయి వచ్చాక గీజరు తెల్లారేదాకా వెలుగుతూ ఉండొచ్చు. ఈ ప్లగ్గులు పట్టుకునేది 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫై మాత్రమే. రౌటర్ రెండు బ్యాండ్లనీ ఒకే పేరుతో ఇస్తుంటే, కలిపేటప్పుడు 5 గిగాహెర్ట్‌జ్ కాసేపు ఆపాలి.

గోదారిగట్టు:
అసలైనది చెప్పడం మర్చిపోయారు అందరూ. షోలో డ్రాప్ ఇన్ ఉంది. మీరు డల్లాస్‌లో నొక్కితే తెనాలిలో కాల్ దానంతట అదే కలుస్తుంది. అమ్మ లేచి రానక్కర్లేదు, మీట నొక్కక్కర్లేదు. యాప్‌లో డివైసెస్, షో, సెట్టింగ్స్, కమ్యూనికేషన్స్, డ్రాప్ ఇన్. మీ సొంత అమెజాన్ అకౌంటుతోనే అక్కడ పెడితే ఇంకా సులువు, అన్నీ మీ చేతిలోనే ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

అత్తిలి:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, ఈ సలహాకి ఊరుకోలేను. గోదారిగట్టు గారూ, కొడుకు అకౌంటుతో తల్లిదండ్రుల ఇంట్లో షో పెడితే ఏమవుతుందో పూర్తిగా చెప్పండి. వాళ్లు దానితో అన్న ప్రతి మాటా కొడుకు ఫోన్‌లో వాయిస్ హిస్టరీలో కనిపిస్తుంది, నొక్కితే గొంతు కూడా వినిపిస్తుంది. పొరపాటున "అలెక్సా" అని విని మేలుకున్నప్పటి మాటలు కూడా. డ్రాప్ ఇన్ "మై హౌస్‌హోల్డ్" మీద ఉంటే ఎప్పుడంటే అప్పుడు చూడొచ్చు. మొదట కొన్ని సెకన్లు బొమ్మ మసగ్గా ఉంటుంది, అంతే ఆ ఇంటికి దొరికే వ్యవధి. ఆ అనుమతి మార్చే యాప్ ఉండేది డల్లాస్‌లో. ఆ ఇల్లు ఎవరిది?

గోదారిగట్టు:
కన్నకొడుకు చూస్తే నిఘానా? పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల ఉండి, ఫోన్ ఎత్తకపోతే ఎంత కంగారో మీకు తెలియదు. జారిపడితే ఎవరు చూస్తారు?

అత్తిలి:
కంగారు ఎవరిదో మీరే అన్నారు, కొడుకుది. యంత్రం మాత్రం వాళ్ల హాల్లో. జారిపడేది ఎక్కువగా బాత్‌రూములో, అక్కడ కెమెరా ఉండదు, ఉండకూడదు. అలెక్సా నుంచి 108కి, 112కి కాల్ వెళ్లదు. ఆ భరోసా ఇస్తూ దీన్ని పెట్టించడం ప్రమాదం. బాత్‌రూములో పట్టుకునే కడ్డీ, జారని పట్టా, పక్కింటివాళ్ల దగ్గర తాళం చెవి, ముందు ఇవి.

నల్లకుంట:
అందుకే కెమెరా లేని నెస్ట్ హబ్ అన్నాను.

అత్తిలి:
నల్లకుంట గారూ, నెస్ట్ కూడా కొడుకు అకౌంటుతో పెడితే వాళ్లు అడిగినవన్నీ కొడుకు యాక్టివిటీలోకే వెళ్తాయి. కెమెరా లేనంత మాత్రాన తేడా లేదు. ఏ కంపెనీదన్నది నాకు రెండో ప్రశ్న. అకౌంటు నాన్నగారి నంబరు మీద ఉండాలి. ఆయన తన చేత్తో కొడుకు పేరు కాంటాక్టుల్లో పెట్టి, డ్రాప్ ఇన్ ఇవ్వాలో వద్దో తేల్చుకోవాలి. కెమెరా ఎలా ఆపాలో, మైకు మీట నొక్కితే ఎర్రగా వెలుగుతుందని అమ్మగారికి చూపించాలి. రికార్డింగులు దాచొద్దని అలెక్సా ప్రైవసీలో పెట్టొచ్చు, అదీ ఆయన ఎదురుగానే.

గోదారిగట్టు:
వినడానికి బాగుంది. ఆయన పాస్‌వర్డ్ మర్చిపోతే? ఓటీపీ ఆయన ఫోన్‌కి వస్తే, ఇక్కడ రాత్రి రెండింటికి ఎవరు సరిచేస్తారు? నెలకోసారి ఏదో ఒకటి ఆగుతుంది. అథెంటికేటర్ కోడ్ (ఓటీపీకి బదులు యాప్ ఇచ్చే కోడ్) కొడుకు ఫోన్‌లో పెట్టుకుంటే సరిపోతుంది.

అత్తిలి:
అప్పుడు తాళం మళ్లీ కొడుకు దగ్గరే.

గోదారిగట్టు:
నమ్మకం లేని ఇంట్లో ఏ తాళమైనా అంతే. వాళ్లకి చేతకానిది మనం చేసిపెడుతున్నాం, అందులో తప్పేముంది?

అత్తిలి:
చేతకాదని మీరు ముందే తేల్చేశారు. మనిద్దరికీ కుదరనిది అక్కడే. యాభై ఏళ్లు ఇల్లు నడిపినవాళ్లకి నాలుగు మీటలు రావా? కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి పక్కన అంటించండి.

డల్లాస్‌తెనాలి:
అకౌంటు విషయం నాకు తట్టలేదు. నాన్నగారిని అడిగే పెడతాను. హాల్లో ఎక్కడ పెట్టమంటారు?

అత్తిలి:
టీవీకి దూరంగా. టీవీలో "అలెక్సా" అని వినిపిస్తే మేలుకుంటుంది. మేలుకొలుపు మాట "ఎకో" అనో "కంప్యూటర్" అనో మార్చుకోవచ్చు, అమ్మగారికి ఏది నోరు తిరిగితే అది. పడగ్గది గుమ్మం వైపు కెమెరా తిప్పొద్దు.

తీగలాయన:
స్మార్ట్ ప్లగ్గు యాప్ అకౌంటు కూడా నాన్నగారి నంబరు మీదే తెరవండి. చాలా ప్లగ్గులు మొదట కట్టిన అకౌంటుని వదలవు. ఆ యాప్‌లోంచి డిలీట్ చేస్తేనే వేరే అకౌంటులో చేరతాయి, ఉత్త రీసెట్ చాలదు. గీజరు మీద వాట్లు ఎన్ని రాసి ఉన్నాయో ఫోటో పెట్టండి, ప్లగ్గు చెప్తాను.