టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువ, టీ4 నార్మల్: వెంటనే టాబ్లెట్ మొదలుపెట్టాలా, ఆగి చూడాలా?

ఆగి_చూద్దాం

ఒక్క రిపోర్ట్‌లో టీఎస్‌హెచ్ 6 వచ్చింది, ఫ్రీ టీ4 (థైరాయిడ్ గ్రంథి తయారు చేసే హార్మోన్) నార్మల్‌గానే ఉంది, అయినా మర్నాటి నుంచి జీవితాంతం థైరాయిడ్ టాబ్లెట్ వేసుకోమంటున్నారు. మా ఇంట్లోనే ఒకరికి ఇలా రాసిచ్చారు. అలసటగా ఉంటోందా అని అడిగారంట, అలసట లేనిది ఎవరికండీ?

నేననేది ఒకటే. టీఎస్‌హెచ్ 10 లోపు ఉండి, టీ4 నార్మల్‌గా ఉండి, గర్భం గానీ ఆ ప్రయత్నం గానీ లేకపోతే ముందు రెండు మూడు నెలలు ఆగి మళ్ళీ టెస్ట్ చేయించాలి, టాబ్లెట్ మాట ఆ తర్వాత.

అసలు టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ తయారు చేసే హార్మోన్ కాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కి పంపే ఆర్డర్ అది. రక్తంలో టీ4 రవ్వంత తగ్గినా పిట్యూటరీ గట్టిగా స్పందిస్తుంది, టీ4 సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ దాదాపు వంద రెట్లు పెరుగుతుందని పాఠ్యపుస్తకాల్లోనే ఉంటుంది. అలాంటప్పుడు 4 నుంచి 6కి వెళ్ళడం ఎంత చిన్న మార్పో ఆలోచించండి. పైగా అది రోజంతా ఒకేలా ఉండదు, రాత్రి పెరుగుతుంది మధ్యాహ్నం తగ్గుతుంది, ఏదైనా పెద్ద జబ్బు చేసి కోలుకుంటున్నప్పుడు కొన్నాళ్ళు పెరిగి దానంతటదే దిగుతుంది. ఇంకోటి, రిపోర్ట్ పక్కన వేసే నార్మల్ రేంజ్ అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో 95 శాతం మంది ఉండే హద్దు, అంటే ఏ జబ్బూ లేనివాళ్ళలోనే వందకి ఇద్దరు ముగ్గురు ఆ పై గీత దాటి ఉంటారు.

టీపీఓ_పాజిటివ్

వినడానికి బాగానే ఉందండీ, ఆగమని చెప్పడం ఆగాల్సిన అవసరం లేనివాళ్ళకి ఈజీ. నాకు టీఎస్‌హెచ్ 8 దగ్గర ఉండేది, టీ4 నార్మల్, అందుకని ఏమీ లేదు పొమ్మనేవాళ్ళు. ఏమీ లేకపోతే దువ్వెన నిండా జుట్టు ఎందుకొస్తోంది, అందరూ ఫ్యాన్ వేసుకుని కూర్చుంటే నేనొక్కదాన్నే దుప్పటి ఎందుకు కప్పుకుంటున్నా, నెలసరి పది రోజులైనా ఎందుకు ఆగట్లేదు, వీటికి ఎవరూ జవాబు చెప్పలేదు. చివరికి ఒక డాక్టర్ టీపీఓ యాంటీబాడీ టెస్ట్ రాస్తే అది బాగా ఎక్కువ వచ్చింది, హషిమోటో అన్నారు. అంటే నా ఒంట్లోని రక్షణ వ్యవస్థే నా థైరాయిడ్ గ్రంథిని తినేస్తోంది. అది జరుగుతోందని తెలిసి కూడా 10 దాటేదాకా చూస్తూ కూర్చోవాలా?

ఇంగ్లండ్‌లో విక్‌హామ్ అనే చోట జనాన్ని 20 ఏళ్ళు ఫాలో అయ్యారు. టీఎస్‌హెచ్ ఎక్కువుండి యాంటీబాడీలు కూడా ఉన్న ఆడవాళ్ళలో ఏడాదికి 4 శాతానికి పైగా అసలైన హైపోథైరాయిడిజంలోకి, అంటే టీ4 కూడా పడిపోయే స్టేజ్‌కి వెళ్ళారు, 20 ఏళ్ళకి లెక్కేస్తే సగానికి పైగా. ఇదేం చిన్న రిస్క్ కాదు.

ఆగి_చూద్దాం

మీ బాధని తక్కువ చేయట్లేదండీ, యాంటీబాడీ టెస్ట్ రాయకుండా పొమ్మనడం ముమ్మాటికీ తప్పే. కానీ అదే లెక్క ఇంకో వైపు నుంచి చూడండి, రెండూ ఉన్నవాళ్ళలో కూడా 20 ఏళ్ళ తర్వాత 40 శాతానికి పైగా ఆ స్టేజ్‌కి వెళ్ళలేదు. వాళ్ళందరికీ ముందే టాబ్లెట్ ఇచ్చేస్తే ఎవరికి అవసరం ఎవరికి కాదు అనేది ఇక ఎప్పటికీ తెలియదు. ఏడాదికోసారి టెస్ట్ చేయించుకుంటే పెరుగుతున్నప్పుడు దొరికిపోతుంది కదా.

ఇక టాబ్లెట్ వల్ల అలసట తగ్గుతుందా అనేదానికి 2017లో ట్రస్ట్ అనే ట్రయల్ వచ్చింది. 65 దాటిన 737 మందిని తీసుకుని సగం మందికి లెవోథైరాక్సిన్ (మనం మాట్లాడుకునే థైరాయిడ్ టాబ్లెట్ ఇదే), సగం మందికి మందు లేని ఉత్తుత్తి టాబ్లెట్ ఇచ్చారు, ఎవరికి ఏది వెళ్తోందో ఎవరికీ తెలియదు. ఏడాది తర్వాత మందు వేసుకున్నవాళ్ళకి టీఎస్‌హెచ్ దిగింది, కానీ అలసటలో, మిగతా లక్షణాల్లో రెండు గ్రూపులకీ తేడా లేదు. ఇలాంటి ట్రయల్స్ అన్నీ చూసి 2019లో బీఎంజే అనే బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్యానెల్ సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం (అంటే టీఎస్‌హెచ్ ఎక్కువ, టీ4 నార్మల్) ఉన్న వయోజనులకి ఈ మందు వద్దని గట్టిగానే చెప్పింది. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళకి, టీఎస్‌హెచ్ 20 దాటినవాళ్ళకి ఆ మాట వర్తించదని కూడా చెప్పారు.

జూనియర్_డాక్టర్

రెండు వైపులా లెక్కలు కరెక్టే, వాడే తీరే నాకు నచ్చట్లేదు. ట్రస్ట్‌లో ఉన్నవాళ్ళ సగటు వయసు 74, సగటు టీఎస్‌హెచ్ 6.4, మొదట్లోనే లక్షణాలు పెద్దగా లేనివాళ్ళు ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ టీఎస్‌హెచ్ మామూలుగానే కొంచెం పైకి జరుగుతుంది, 80 దాటినవాళ్ళకి 7 కూడా జబ్బు కాకపోవచ్చు. అలాంటివాళ్ళ మీద చేసిన ట్రయల్‌ని తెచ్చి 32 ఏళ్ళ అమ్మాయికి, అదీ యాంటీబాడీలు ఉన్న అమ్మాయికి అప్లై చేస్తే ఎలా సార్? 30 లోపు వాళ్ళకి, లక్షణాలు తీవ్రంగా ఉన్నవాళ్ళకి తమ మాట సరిపోకపోవచ్చని బీఎంజే ప్యానెలే రాసుకుంది, మీరు ఆ ముక్క వదిలేశారు.

యూరోపియన్ థైరాయిడ్ అసోసియేషన్ 2013లో ఇచ్చిన గైడ్‌లైన్ నాకు ఇంకా పనికొస్తోంది. వయసు తక్కువుండి, టీఎస్‌హెచ్ 10 లోపే అయినా లక్షణాలు ఉంటే కొన్నాళ్ళు మందు వాడి చూడొచ్చు. కానీ టీఎస్‌హెచ్ నార్మల్‌కి వచ్చాక మూడు నాలుగు నెలలు చూసి, మనిషికి తేడా ఏం తెలియకపోతే ఆపేయాలి. మొదటి సగం అందరూ పాటిస్తారు, ఆపడం మాత్రం ఎవరూ చేయరు. మందు రాసిన డాక్టర్ ఒకరు, తర్వాత చూసే డాక్టర్ ఇంకొకరు, అసలు ఎందుకు మొదలైందో చీటీలో ఉండదు, పదేళ్ళు అలా నడిచిపోతుంది.

గర్భం విషయంలో మాత్రం వాదన పెట్టకండి. మొదటి మూడు నెలలు పిండానికి థైరాయిడ్ హార్మోన్ దాదాపు తల్లి దగ్గర్నుంచే అందాలి. ఆల్రెడీ టాబ్లెట్ వాడుతున్నవాళ్ళకి గర్భం వస్తే డోస్ పెంచాల్సి వస్తుంది, టెస్ట్ పాజిటివ్ రాగానే డాక్టర్‌కి చెప్పాలి.

ల్యాబ్‌లో_ఉంటా

మీరంతా నంబర్ పట్టుకుని కొట్టుకుంటున్నారు, ఆ నంబర్ ఎలా వస్తుందో కూడా చెప్తా. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ టాబ్లెట్లు వేసుకుంటున్న వాళ్ళు ఎంతమందో చూస్తున్నా. చాలా మెషిన్లలో టీఎస్‌హెచ్‌ని పట్టుకునే యాంటీబాడీకి బయోటిన్ తగిలించి ఉంటుంది, ఆ బయోటిన్ వెళ్ళి చిన్న చిన్న పూసల మీదున్న స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్‌కి అతుక్కోవాలి, అలా అతుక్కున్నదాన్నే మెషిన్ లెక్కపెడుతుంది. రక్తంలోనే బయోటిన్ ఎక్కువగా ఉంటే ఆ ఖాళీలన్నీ అదే నింపేస్తుంది, అసలు టీఎస్‌హెచ్ కడుక్కుని పోతుంది, రిపోర్ట్‌లో తక్కువ వస్తుంది. ఫ్రీ టీ4 టెస్ట్ పద్ధతి వేరు కాబట్టి అది ఉన్నదానికంటే ఎక్కువ కనపడుతుంది. రెండూ చూసి డోస్ ఎక్కువైందనుకుని తగ్గించేస్తారు పాపం. బయోటిన్ కనీసం రెండు రోజుల ముందు ఆపి రండి, వేసుకుంటే దాచకుండా చెప్పండి. టెస్ట్ రోజు థైరాయిడ్ టాబ్లెట్ రక్తం ఇచ్చాకే వేసుకోండి, ముందే వేసుకుంటే కొన్ని గంటలు ఫ్రీ టీ4 పెరిగి కనపడుతుంది. వీలైతే ప్రతిసారీ అదే ల్యాబ్, దాదాపు అదే టైమ్.

టీపీఓ_పాజిటివ్

ఇవన్నీ సరే. 25 మైక్రోగ్రాముల చిన్న టాబ్లెట్, మన ఒంట్లో తయారయ్యే హార్మోనే. అది వేసుకుంటే వచ్చే నష్టం ఏంటో ఒక్కటి చెప్పండి.

ఆగి_చూద్దాం

25 దగ్గరే ఆగిపోతే నేనూ ఇంత గొడవ చేయను. ఓపిక రాలేదంటే 50, ఇంకా రాలేదంటే 75, అలా పెరుగుతూ టీఎస్‌హెచ్ 0.1 కిందికి పోయినవాళ్ళు ఉంటారు. 1994లో అమెరికాలో వచ్చిన ఫ్రామింగ్‌హామ్ స్టడీలో 60 దాటినవాళ్ళలో టీఎస్‌హెచ్ అంత తక్కువున్నవాళ్ళకి గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ దాదాపు మూడు రెట్లు ఎక్కువ వచ్చింది. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో ఎముకలు కూడా అరుగుతాయి. నాకు వీటన్నిటికంటే కోపం తెప్పించేది ఇంకోటుంది, థైరాయిడ్ అని పేరు పెట్టేశాక ఇక వేరే కారణం వెతకరు. రక్తం తక్కువుందా, బీ12 తక్కువుందా, నిద్రలో ఊపిరి ఆగుతోందా, డిప్రెషనా, ఇవేవీ చూడకుండా మనిషి ఏళ్ళ తరబడి అలసటతోనే ఉండిపోతాడు. 32 ఏళ్ళ అమ్మాయి గురించి డాక్టర్ గారు చెప్పింది మాత్రం ఒప్పుకుంటున్నా, యాంటీబాడీలు ఉండి లక్షణాలు ఉంటే వాడి చూడనివ్వండి. ఆపే తేదీ మొదటి రోజే చీటీ మీద రాయాలి, దానికి తక్కువైతే నేనొప్పుకోను.

టీపీఓ_పాజిటివ్

నాకు నెలసరి దారిలో పడింది, నేనైతే ఆపను. కానీ మా చెల్లికి కూడా ఇదే రాశారు, తనకి యాంటీబాడీలు లేవు, టీఎస్‌హెచ్ 5.1, ఆర్నెల్లుగా 25 వేసుకుంటోంది, తేడా ఏం లేదంటోంది. ఆపితే ఎన్నాళ్ళకి తెలుస్తుంది డాక్టర్ గారూ?

జూనియర్_డాక్టర్

సొంతంగా కాకుండా రాసిన డాక్టర్‌కి చెప్పి ఆపమనండి. టీ4 ఒంట్లో సగం తగ్గడానికే వారం పడుతుంది, పిట్యూటరీ సర్దుకోడానికి ఇంకొంచెం టైమ్ కావాలి, అందుకే ఆరు వారాలు దాటాకే టీఎస్‌హెచ్ చేయించాలి. రెండు వారాలకే కంగారుపడి చేయించిన రిపోర్ట్‌తో ఏదీ తేల్చలేం. గర్భం ఆలోచన ఉంటే మాత్రం ఆపకముందే ఆ మాట చెప్పమనండి, అప్పుడు నిర్ణయం మారిపోతుంది.