కొడాయ్ ‘ఒరెగెక్’: ముసలివాళ్ల మీద జాలా, మన మీద నిందా?

ఆల్టో_గొంతు:
బుడాపెస్ట్‌లో పీజీ చేస్తూ ఇక్కడి ఒక కోరస్‌లో పాడుతున్నా. ఈసారి హంగరీ స్వరకర్త జోల్టాన్ కొడాయ్ పాట ‘ఒరెగెక్’ పట్టుకున్నాం. ‘ముసలివాళ్లు’ అని అర్థం. 1933 నాటిది, వాద్యాలేమీ ఉండవు, ఆడా మగా గొంతులే. కవిత షాండోర్ వెరెష్‌ది, రాసేనాటికి అతనికి ఇరవై కూడా లేవు. మొన్న రిహార్సల్లో బేస్ (మగవాళ్ల అడుగు గొంతు) పాడే ఒక పెద్దాయన మధ్యలో ఫైలు మూసేశారు. డెబ్బై బరువైన ఏళ్లు చేతులకు సంకెళ్లయ్యాయి అనే చోట. ఆయనకు డెబ్బై ఒకటి. “ఈ కుర్రాడు నన్ను అప్పుడే పాడెక్కించేశాడు” అన్నారు. అప్పట్నుంచీ నాకు ఆ లైన్ దగ్గర గొంతు పెగలట్లేదు. ఇలాంటిది పాడొచ్చంటారా?

నల్లకాఫీ:
ఆయన అన్నది రైటే. అదంతా కిటికీలోంచి చూసి రాసింది. వాళ్లేమో చలిగాలిలో వీపున పుల్లల మోపుతో నడుస్తుంటారు, కవిగారు ఇంట్లో వెచ్చగా. బయటికొచ్చి ఒక్కరినీ పలకరించలేదు. పైగా పాచి కూడు, బండి మీద పాత గడ్డి, కారిపోయిన మైనం అంటాడు. ఒక మనిషి పక్కన నిలబడి ఇవి ఎలా పాడతారు?

బెంచీ_చివర:
ఆగండాగండి. మైనం, గడ్డి అన్నది కవి కాదు. ఎండ, మంచు, ఆకు, పువ్వు వాళ్ల చెవిలో పాడే మాటలవి, “నువ్వు కాలిపోయావు, ఇక పోయి పడుకో” అని. అసలు దెబ్బ వేరేచోట ఉంది. వీధిలో అందరూ వాళ్లను “నమస్తే బాచీ” అంటారట, ఏదో వింతగా. బాచి అంటే అక్కడ పెద్దవయసు మగవాళ్లను పిలిచే మాట, మన ‘పెద్దాయనా’ లాగా. నాకు అరవై ఆరు. మొన్న ఒక ఆఫీసులో కౌంటర్ దగ్గర అబ్బాయి “బాబాయ్‌గారూ, అలా కూర్చోండి” అని కుర్చీ చూపించాడు. నా నంబరు మాత్రం పిలవలేదు. గంటన్నర కూర్చున్నా.

నల్లకాఫీ:
సరే, అది ఒప్పుకుంటా. మరి కిటికీ సంగతి?

బెంచీ_చివర:
ఇరవై లేనివాడు లోపలికెలా వెళ్తాడండీ? పిల్లాడి తల నిమిరేటప్పుడు, పని చేసిన ఈ చేతులు ఇక ఎవరికీ అక్కర్లేదని ‘బహుశా’ బాధేస్తుందేమో అంటాడు. ఆ ‘బహుశా’ చూడండి. తెలిసినట్టు నటించలేదు. ఇక బాణీ కట్టిన కొడాయ్‌కి అప్పటికే యాభై. 1905 నుంచి ఊళ్లు తిరిగి జానపద పాటలు సేకరించినవాడు. ముసలి గొంతు విలువ అతనికి వేరే చెప్పాలా?

నల్లకాఫీ:
కొడాయ్‌తో నాకు పేచీ లేదు. కవితో ఉంది, ఉంటుంది కూడా.

ఆల్టో_గొంతు:
నేనూ ఆయన్ని బాచీ అనే పిలుస్తున్నా, ఇప్పుడే తట్టింది. నిన్న రిహార్సల్‌కి వచ్చారు. డెబ్బై ఏళ్ల లైన్ పాడలేదు, పెదవులు బిగించి నిలబడ్డారు. పాట ఆఖర్న, ఎదురుచెప్పనివ్వని ఒక చెయ్యి, చావుదే అనుకోండి, “రా, దించేయ్” అనే చోట మాత్రం అందుకున్నారు. శ్రుతి మాకే కిందికి జారింది, ఆయనది కదల్లేదు.