మా అమ్మని ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) టెస్టుకి ఎలా తయారు చేయాలి?

నమస్తే అండి. మాది చీపురుపల్లి. మా అమ్మకి స్కూటీ నేర్చుకోవాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఎల్ఎల్ఆర్‌కి విజయనగరంలో స్లాట్ బుక్ చేశాం. అమ్మ తెలుగు చక్కగా చదువుతుంది కానీ కంప్యూటర్ ఎప్పుడూ ముట్టుకోలేదు. అదే టెన్షన్.

రోడ్డు గుర్తుల్లో ఎర్ర అంచు త్రికోణమైతే హెచ్చరిక, గుండ్రంగా ఉంటే తప్పక పాటించాల్సిన ఆజ్ఞ అని పట్టేసింది. నీలం గుండ్రం మీద ఒక ఎర్ర గీత ఉంటే పార్కింగ్ కూడదు, రెండు గీతలు ఇంటూ గుర్తులా ఉంటే అసలు బండి ఆపకూడదు. ఈ రెండింటి దగ్గరే తడబడుతోంది. రోజూ తిరిగే దారిలో కనిపించని బోర్డులాయె, ఎలా గుర్తుంటాయి!

ఈ మధ్య విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ టెస్టు రాసినవాళ్లు కాస్త చెప్పండి. ప్రశ్నలు తెలుగులో సులువుగా అర్థమయ్యేలా ఉంటున్నాయా? జవాబు మౌస్‌తో నొక్కాలా, స్క్రీన్ తాకితే చాలా? నెమ్మదిగా చదివేవాళ్లకి టైం సరిపోతుందా? తెలుగులో మంచి ప్రాక్టీస్ టెస్ట్ ఏదైనా ఉందా?

బండి నేర్పడం గురించి బెంగ లేదు. ఎల్ఎల్ఆర్ 6 నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాకే డ్రైవింగ్ టెస్టు. ముందు ఇది గట్టెక్కాలి. ఇంట్లో పెద్దవాళ్లకి నేర్పినవాళ్లుంటే, గుర్తులు ఎలా చెప్పారో తప్పకుండా రాయండి.