కొట్టు లెక్కలున్న పెన్‌డ్రైవ్ కంప్యూటర్ గుర్తుపట్టట్లా, ఏం చెయ్యాలి?

మిర్చికొట్టు_గుంటూరు:
అందరికీ నమస్తే. మాది గుంటూరు, నాన్నగారికి మిర్చి యార్డులో చిన్న కమీషన్ కొట్టుంది. రైతుల తక్‌పట్టీలు (సరుకు అమ్మిన లెక్క చీటీలు) స్కాన్ చేసి ఒక 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో పెడతాం, ట్యాలీ అయితే సిస్టంలోనే ఉంది గానీ ఈ స్కాన్లు దీంట్లో తప్ప ఇంకెక్కడా లేవు (తిట్టేవాళ్ళు తర్వాత తిట్టండి). మొన్న సాయంత్రం కరెంటు పోయేలా ఉందని మా గుమస్తా గారు కాపీ అవుతుండగానే గబుక్కున లాగేశారంట, అప్పట్నుంచి పెడితే టుంగ్‌మని సౌండొస్తది, మూల్లో యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్ అంటది, అంతే, డ్రైవే కనపడట్లా. విండోస్ 10. రెండుసార్లు రీస్టార్ట్ చేశా, నోటితో ఊదా కూడా.

కృష్ణలంక_కుర్రోడు:
సింపుల్ బ్రో, వేరే సిస్టంలో పెట్టి ఫార్మాట్ కొట్టు, కొత్తదాన్లా అయిపోద్ది. నాకు మూడుసార్లు పనిచేసింది.

గవర్నర్‌పేట_రిపేర్లు:
అయ్యా గుంటూరు గారు, పై తమ్ముడి మాట వినమాకండి, డ్రైవ్ కొత్తదవుద్ది నిజమే, తక్‌పట్టీలు పోతాయి.
ముందు ఒకటి చెప్పండి, సీపీయూ ముందువైపు పోర్ట్‌లోనే పెడుతున్నారా? ముందు పోర్టులు లోపల సన్న కేబుల్ మీద మదర్‌బోర్డుకి వెళ్తాయి, పైగా మీది మిర్చి కొట్టు, ఆ దుమ్ము ఎక్కడ దూరుద్దో చెప్పక్కర్లేదు. వెనకవైపు పోర్ట్‌లో డైరెక్ట్‌గా పెట్టండి, హబ్బులూ ఎక్స్‌టెన్షన్ వైర్లూ వద్దు. తర్వాత స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఏం కనపడుతుందో చూడండి, అసలు సంగతంతా అక్కడే తేలుద్ది. సైజు సరిగ్గా ఉండి అక్షరం లేకపోతే E, F లాంటి డ్రైవ్ లెటర్ ఇస్తే చాలు, రెండు నిమిషాల పని. సైజు ఉండి పక్కన రా (RAW) అని ఉంటే ఫైల్ సిస్టం, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక, చెడింది, డేటా మాత్రం చాలావరకు లోపలే ఉంటది. నో మీడియా అని ఉంటే లోపలి కంట్రోలర్‌కీ మెమరీ చిప్పుకీ మాట కలవట్లేదని, అప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ పనిచెయ్యదు, పదిసార్లు పెట్టి తీసి ఉన్నది పాడు చెయ్యమాకండి. డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ చెక్‌డిస్క్ కూడా ఇప్పుడే వద్దు, అది బాగుచేస్తానని డ్రైవ్ మీదే రాస్తది.

మిర్చికొట్టు_గుంటూరు:
వెనక పెడితే వచ్చిందండీ! ముందు పోర్ట్‌లో దూది పెట్టి తుడిస్తే ఎర్రగా వచ్చింది, నాకు అరగంట తుమ్ములు. కానీ ఇప్పుడు యూ నీడ్ టు ఫార్మాట్ ద డిస్క్ అంటోంది, క్యాన్సిల్ కొట్టా. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 29 జీబీ, రా అనుంది. 3 జీబీ పోయినట్టేనా?

గవర్నర్‌పేట_రిపేర్లు:
ఏం పోలేదు, కంపెనీవాళ్ళు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తది, 32 అంటే ఇక్కడ దాదాపు 29 చిల్లరే. రా అన్నదంటే మంచి కబురే.
టెస్ట్‌డిస్క్ అని చెడిన డ్రైవ్ బాగుచేసే సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరుకుద్ది, దించుకోండి. నల్ల స్క్రీన్ చూసి భయపడమాకండి, కాకపోతే డ్రైవ్ ఎంచుకునేటప్పుడు సైజు చూసుకుని ఎంచుకోండి, పొరపాటున హార్డ్‌డిస్క్ మీద చెయ్యి పడితే అది వేరే కథ. అడ్వాన్స్‌డ్‌లోకెళ్ళి ముందు ఇమేజ్ క్రియేషన్‌తో మొత్తం డ్రైవ్‌ని సిస్టంలోకి ఒక కాపీ తీసుకోండి, అంత ఖాళీ ఉండాలి. ఆ తర్వాతే బూట్ నొక్కండి. మీ డ్రైవ్ ఫైల్ సిస్టం ఫ్యాట్32 రకం అయితే బూట్ సెక్టర్‌కి (డ్రైవ్ వివరాలుండే మొదటి భాగం) ఇంకో కాపీ 6వ సెక్టర్‌లో దాచుకుంటది. మొదటిది బ్యాడ్, బ్యాకప్ ఓకే అని చూపిస్తే బ్యాకప్ బీఎస్ (బీఎస్ అంటే బూట్ సెక్టరే) కొట్టండి, డ్రైవ్ తీసి మళ్ళీ పెట్టండి. కుదరకపోతే దాంతోపాటే వచ్చే ఫొటోరెక్ ఉంది, పీడీఎఫ్‌లూ ఫొటోలూ లాగుద్ది గానీ పేర్లు రావు, ఏ రైతుది ఏ పట్టీయో మీరే కూర్చుని తెరిచి చూసుకోవాలి.

కృష్ణలంక_కుర్రోడు:
సారీ బ్రో, నా దాంట్లో పాటలే ఉండేవి, అందుకే అలా చెప్పా.

మిర్చికొట్టు_గుంటూరు:
గురువుగారూ వచ్చేసినై! మీరు చెప్పినట్టే బ్యాడ్, ఓకే అని చూపించింది. వెంటనే అన్నీ సిస్టంలోకి, ఇంకో హార్డ్‌డిస్క్‌లోకి కాపీ కొట్టా. రెండు పట్టీలు మాత్రం సగమే తెరుచుకుంటున్నాయి, ఆ రోజు స్కాన్ చేసినవే, రైతుల దగ్గర కాగితం ఉంటది కాబట్టి అడిగి తెచ్చుకుంటాం. మా గుమస్తా గారైతే ఇప్పుడు పెన్‌డ్రైవ్ ముట్టుకోవట్లా, ఎజెక్ట్ కొట్టడానికి కూడా నన్నే పిలుస్తున్నారు.