ఒకే తల్లి, వేరే తండ్రులు: ఈ బల్లిపిల్లలు ఒకదానికొకటి ఏమవుతాయి?

ఒక చిన్న సాయం కావాలండీ. బల్లుల మీద వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయా. ఆడది ఒకే సీజన్లో ఇద్దరు ముగ్గురు మగవాటితో జతకడితే ఒక్కోసారి ఒకే విడత గుడ్లలో వేర్వేరు తండ్రుల పిల్లలుంటాయి, డీఎన్ఏ చూస్తే గానీ బయటపడదు. "సవతి పిల్లలు" అని రాసి కొట్టేశా, సవతి అంటే తండ్రి ఒకడు తల్లులు వేరు కదా, ఇక్కడ లెక్క తిరగబడింది.

↳ మాట మీ చేతిలోనే ఉందండీ. సోదర అంటే స + ఉదర, ఒకే కడుపున పుట్టినవాళ్ళు. అమ్మానాన్నలిద్దరూ ఒకరే అనుకుని వాడేస్తాం గానీ ఆ మాటలో తండ్రి ఊసే లేదు! ఏకోదరులు అని రాసేయండి. సవతిని మాత్రం పారెయ్యకండి, అదీ పనికొస్తుంది. అమెరికాలో సైడ్ బ్లాచ్డ్ లిజర్డ్ అని ఒకటుంది, మగవాటి గొంతు మూడు రంగులు. నారింజ గొంతుది దౌర్జన్యంగా పెద్ద జాగా పట్టేసి అందులోని ఆడవాటన్నిటితో జతకడుతుంది, నీలం గొంతుది తన ఆడదాన్ని కాపలా కాసుకుంటుంది, పసుపు గొంతుది అచ్చం ఆడదానిలా కనిపిస్తూ నారింజవాడి జాగాలోకే దొంగచాటుగా దూరిపోతుంది. నీలం దగ్గర ఈ వేషం సాగదు, ఆ నీలం మళ్ళీ నారింజ ముందు నిలవదు. 1996లో సినర్వో, లైవ్లీ అనే పరిశోధకులు దీన్ని రాయి-కాగితం-కత్తెర ఆటతో పోల్చారు. ఇప్పుడు చూడండి, నారింజవాడి పిల్లలు తమలో తాము సవతి వరస, పసుపువాడు మధ్యలో దూరితే పుట్టేవి ఏకోదరులు.

↳ ఏకోదరులు బాగుంది. ఇంకోటి, ఈ వ్యాసాల్లో కొందరు "ఏకపత్నీవ్రతం" అని రాస్తారు, అది మాత్రం వద్దు, బల్లి వ్రతం పట్టడమేంటండీ బాబూ. దక్షిణ ఆస్ట్రేలియా స్లీపీ లిజర్డ్ సంగతే తీసుకోండి, మైకేల్ బుల్ అనే పరిశోధకుడు 1982 నుంచీ ఏళ్ళ తరబడి వెంటపడి గమనించాడు. వసంతంలో వారాల పాటు మగది ఆడదాని వెనకే నడుస్తుంది, అది మేస్తుంటే ఇది తిండి తగ్గించుకుని చుట్టూ చూస్తూ ఉంటుంది, మళ్ళీ ఏడాది వెతుక్కుని అదే ఆడదాని దగ్గరికొస్తుంది, కొన్నయితే 20 ఏళ్ళు దాటి అలాగే ఉన్నాయి. ఇంతా చేసి పిల్లల జన్యువులు చూస్తే కొన్ని కాన్పుల్లో తండ్రి వేరే! అందుకే కలిసి తిరిగేదానికి "జంట", సంపర్కానికి "జత" అని విడగొట్టి వాడితే సరిపోతుంది, వాడుకలో ఈ రెండూ కలిసిపోయాయి గానీ ఇక్కడ తేడా అక్కరకొస్తుంది.

↳ ఇద్దరికీ థాంక్సండీ, జంట-జత తేడా అసలు తట్టలేదు, అలాగే మారుస్తా. కాకపోతే తర్వాతి పేరా న్యూమెక్సికో విప్‌టెయిల్ అనే బల్లి గురించి, అన్నీ ఆడవే, మగది లేకుండానే గుడ్లు పెట్టేస్తాయి. అక్కడ "పితృత్వం" అని పెట్టిన హెడ్డింగ్ ఏం చెయ్యాలో చెప్పండి ముందు.